చెలకలో మూడు పట్టీలు: మూడో వానాకాలం తర్వాత

చేవెళ్ల దాటాక మాకు 20 గుంటల ఎర్ర చెలక ఉంది. వారమంతా నగరంలో ఉద్యోగం, ఆదివారం పొద్దున్నే చెలక. 2023 జూన్‌లో అందులో 6 గుంటలు వేరు చేసి, రెండేసి గుంటల చొప్పున మూడు పట్టీలు చేశాను. మొదటి పట్టీని ఊళ్లో అందరిలాగే రోటవేటర్‌తో (ట్రాక్టర్ వెనక తిరిగే బ్లేడ్ల యంత్రం) రెండు సాళ్లు తిప్పిస్తాను. రెండోదానికి తొలకరి పదును మీద ఒక్కసారి గొర్రు. మూడోదాన్ని అసలు దున్నను. మూడింటిలోనూ జొన్న, మధ్యలో కంది సాళ్లు. దున్నే పద్ధతిని బట్టి నేలలో సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకు, వేరు నుంచి మట్టిలో చేరే కర్బనం, ఎలా మారుతుందో నా కళ్లతో చూడాలని మొదలుపెట్టాను.

పక్క చేను పెద్దాయన మొదటి రోజే అన్నాడు: "దున్నకుంటే భూమికి ఊపిరాడదు బిడ్డా." ఆ మాటను నేను కొట్టిపారేయలేదు. మన ఎర్రనేల రెండు వానలు పడి ఎండిందంటే పైన పెంకు కడుతుంది. దున్నితే ఆ పెంకు పగులుతుంది, మొలక సులువుగా పైకొస్తుంది, కలుపు చస్తుంది. ఇవన్నీ నిజమే. అయితే మట్టి చిన్న చిన్న గుళికలుగా ఉంటుంది. కుళ్లిన ఆకు, వేరు తునకలు ఆ గుళికల లోపల సూక్ష్మజీవులకు అందకుండా దాగి ఉంటాయి. రోటవేటర్ బ్లేడు వాటిని పిండి చేసినప్పుడు దాగినదంతా బయటపడుతుంది. గాలి, తేమ, మన వేడి మూడూ కలిస్తే సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి, కర్బనం బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. దున్నిన కొత్తలో పంట పచ్చగా రావడానికి ఇదీ ఒక కారణం. దాచుకున్నది కరిగి నత్రజనిగా విడుదలవుతుంది.

2023 వానాకాలం

దున్నని పట్టీలో విత్తడమే పెద్ద కష్టమైంది. మొన ఉన్న గడ్డపారతో నాలుగు సెంటీమీటర్ల లోతు గుంతలు చేసి, గుంతకు మూడు జొన్న గింజలు వేసి, కాలితో మట్టి నొక్కాను. పెంకు గట్టిగా ఉన్నచోట సగం గుంతలు మొలవలేదు. వాన పడిన మర్నాడు, మట్టి చేతికి అంటీ అంటకుండా ఉన్నప్పుడు గుంతలు చేస్తే గోడలు గట్టిపడవని తర్వాత తెలిసింది. తడి ఎక్కువుంటే గడ్డపార గుంత గోడను నున్నగా నొక్కేస్తుంది, వేరు పక్కకు పోలేదు.

కలుపు సంగతి ఇంకా గట్టిది. గుంటూరు వైపు వరి కోశాక దున్నకుండా మొక్కజొన్న వేస్తారు, అక్కడ కలుపుమందు మీదే ఎక్కువగా ఆధారపడతారు. రెండు గుంటలకు మందు ఎందుకని నేను కొడవలితో నేలకు ఆనించి కోసి, కోసినదాన్ని అక్కడే పరిచాను. గరికకు అది చాలదు. గడ్డలతో సహా తవ్వి తీశాను. తవ్వడం కూడా దున్నడం లాంటిదే కదా అనిపించింది గానీ, అంతవరకు ఒప్పుకోక తప్పలేదు.

ఆ ఏడాది నేను చేసిన పెద్ద తప్పు ఒకటి చెప్పాలి. దున్నని పట్టీ మీద 40 కిలోల జొన్నచొప్ప ముక్కలు చేసి పరిచాను, మిగతా రెండింటిలో పరచలేదు. జనవరిలో ఆ పట్టీ మట్టి నల్లగా, మెత్తగా కనిపించింది. అది దున్నకపోవడం వల్లా, చొప్ప వల్లా? చెప్పే దారి లేదు. 2024 నుంచి మూడు పట్టీలకూ సమానంగా 40 కిలోలు వేస్తున్నాను.

చొప్ప గురించి ఇంకో రెండు మాటలు. ఎండిన జొన్నచొప్పలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. అది కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని నేల నుంచే లాక్కుంటాయి. 2024 జులైలో మొక్కలు పాలిపోతే టెన్షన్ పడి తెగులేమో అనుకున్నాను. చివికిన పశువుల ఎరువు మొదళ్ల దగ్గర వేశాక పదిహేను రోజుల్లో కోలుకున్నాయి. కంది రాల్చిన ఆకుతో ఈ ఇబ్బంది అంతగా ఉండదు. చెదలు మాత్రం దేన్నీ వదలవు. జూన్‌లో పరిచిన చొప్ప దసరా నాటికి సగం కూడా మిగలదు. ఎండాకాలంలో మేకల మంద వస్తే మిగిలిందీ పోతుంది, అందుకే ఆ 6 గుంటల చుట్టూ ముళ్లకంప కట్టాను.

మట్టి తీయడం

నమూనా ఎప్పుడూ జనవరి చివర్లో, కంది కోశాకే. నెల మారితే లెక్క మారుతుంది. ఒక్కో పట్టీలో జిగ్‌జాగ్‌గా ఎనిమిది చోట్ల పైన చెత్త తుడిచి, ఆంగ్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంత తీసి, దాని పక్క నుంచి పైనుంచి కింది దాకా ఒకే మందంలో చెక్కు తీస్తాను. అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేస్తూ అర కిలోకి తెస్తాను. నీడలోనే ఆరబెట్టాలి. వేర్ల ముక్కలు ఏరేయాలి, లేకపోతే అవే కర్బనంగా లెక్కకొస్తాయి. ఎరువుల సంచిలో పెట్టకూడదు.

ల్యాబ్‌లో కర్బనం కొలిచేది వాక్లీ, బ్లాక్ అనే ఇద్దరి పద్ధతిలో, 1934 నుంచి ఉన్నది. ఫలితం 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.5 నుంచి 0.75 మధ్యస్థం, ఆపైన ఎక్కువ అని నేల పత్రంలో రాస్తారు. సేంద్రియ పదార్థం కావాలంటే కర్బనాన్ని 1.724తో గుణిస్తారు.

2025 జనవరిలో దున్నని పట్టీకి 0.58 వచ్చింది, రోటవేటర్ పట్టీకి 0.39. రాత్రంతా నిద్ర పట్టలేదు, అంత సంతోషం. వారం తర్వాత నోట్‌బుక్ తిరగేస్తే తెలిసింది: దున్నని నేల గట్టిగా ఉందని అక్కడ గుంత ఆరేడు సెంటీమీటర్లే తీశాను. దున్నిన చోట పార 15 దాకా దిగింది. పోల్చింది వేర్వేరు లోతులను.

ఈసారి, 2026 జనవరిలో, పొరలు విడదీసి తీశాను. దున్నని పట్టీ: పై 5 సెంటీమీటర్లలో 0.61, 5 నుంచి 15 దాకా 0.36. రోటవేటర్ పట్టీ: పైన 0.40, కింద 0.38. లోతుల లెక్కన కలిపితే దున్నని చోట 0.44, దున్నిన చోట 0.39. గొర్రు పట్టీ మొత్తంగా 0.41. దున్నడం ఆపితే రాలినదంతా పైనే ఉండిపోతుంది, రోటవేటర్ దాన్ని కిందికి కలిపేస్తుంది. నేను చూసి మురిసిపోయిన తేడాలో చాలాభాగం పంపకంలో తేడానే.

మిగిలిన ఆ 0.05 అయినా నిజమా? 15 సెంటీమీటర్ల లోతున ఎకరం ఎర్రమట్టి సుమారు 900 టన్నులు. రెండు గుంటలంటే 45 టన్నులు. అందులో 0.05 శాతం అంటే దాదాపు 22 కిలోల కర్బనం. దున్నని పట్టీకి నేను అదనంగా వేసింది మొదటి ఏడాది 40 కిలోల చొప్ప ఒక్కటే, అందులో కర్బనం 18 కిలోలు మించదు, అదీ చెదలకు, గాలికి పోగా. ఒకే నమూనాను రెండు పొట్లాలు చేసి పంపితే ఒకసారి 0.41, ఒకసారి 0.46 వచ్చింది. కాబట్టి ఈ మూడేళ్లలో కర్బనం పెరిగిందని నేను రాయలేను.

నీటి విషయంలో మాత్రం తేడా గట్టిగా ఉంది. ఆరంగుళాల పీవీసీ పైపు ముక్కను నేలలోకి దించి 450 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తాను, అది అంగుళం వానతో దాదాపు సమానం. ముందు ఒకసారి తడిపి, రెండోసారి పోసినప్పుడు టైమ్ చూడాలి. జూన్‌లో అప్పుడే తిప్పిన రోటవేటర్ పట్టీ రెండు నిమిషాల్లో తాగేసింది. ఆగస్టులో వానలు పడి పెంకు కట్టాక అదే పట్టీకి 19 నిమిషాలు పట్టింది, దున్నని పట్టీకి 7. జూన్‌లో కొలిచి ఆపేసి ఉంటే తిరగబడిన నిర్ణయానికి వచ్చేవాణ్ని.

గట్టు మీది మట్టి

అసలు పాఠం గట్టు దగ్గర దొరికింది. దాన్ని ఏనాడూ ఎవరూ దున్నలేదు, గరిక పెరుగుతుంది. ఎండిన మట్టిగడ్డలను దోమతెర ముక్కలో పెట్టి సీసా నీళ్లలో వేలాడదీస్తే, రోటవేటర్ పట్టీ గడ్డ నిమిషంలో బురదైంది. దున్నని పట్టీది ఐదు నిమిషాలు నిలిచి సగం రాలింది. గట్టు గడ్డ అరగంట తర్వాత కూడా అలాగే ఉంది, నీళ్లు తేటగా ఉన్నాయి. కర్బనం 0.92. పది అడుగుల దూరంలో, అదే ఎర్రమట్టి.

గట్టుకీ నా దున్నని పట్టీకీ తేడా నాగలి ఒక్కటే కాదు, ఈ మూడేళ్లలో రెండింటినీ నాగలి తాకలేదు. గట్టు మీద ఏడాది పొడవునా బతికున్న వేరు ఉంది. నా పట్టీ జనవరి నుంచి జూన్ దాకా బోసిగా ఎండుతుంది. పటాన్‌చెరులో ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) వాళ్లు 1976 నుంచి నల్లరేగడిలో రెండు పద్ధతులను పక్కపక్కన నడిపారు. వానాకాలమంతా ఖాళీగా వదిలేసి తర్వాత పంట వేసే పాత పద్ధతి కన్నా, బోదెల మీద కందిని కలుపుకొని వానాకాలమే పంట వేసిన చోట నేల కర్బనం పెరిగింది. అక్కడ కూడా తేడా దుక్కి ఒక్కదానిది కాదు. నేలను ఖాళీగా ఉంచలేదు, పప్పుజాతి పంట చేర్చారు, వాననీరు కోతపెట్టకుండా చూశారు.

అందుకని ఈ జనవరిలో మూడు పట్టీల్లోనూ సగం సగం కందిని పీకకుండా మోకాలెత్తున నరికి మొదళ్లు వదిలేశాను. కంది మళ్లీ చిగురిస్తుంది. కంప సందుల్లోంచి దూరిన మేక ఒకటి కొన్నింటిని కొరికింది, ఆ చోట కంప ఇంకో వరస కట్టాను. నిన్న లెక్కపెడితే దున్నని పట్టీలో 60 మొదళ్లకు 23 చిగుర్లు వేశాయి, రోటవేటర్ పట్టీలో 14. ఎండలు ముదిరాక ఎన్ని నిలుస్తాయో మే నెల చివర మళ్లీ లెక్కపెడతాను. జూన్ తొలకరికి మిగిలిన సగంలో అలసంద, ఉలవ కలిపి గుంతల్లో వేయాలి, గింజ ఇంట్లో రెండు కిలోలు ఉంది. వచ్చే జనవరికి మళ్లీ రెండు పొరలూ, ఈసారి గట్టు నుంచి కూడా రెండు పొట్లాలు.