అరుగు మీద శాంకవాలు

మూడు రోజుల ముసురు తర్వాత అమలాపురంలో ఇవాళ కాస్త ఎండ కాసింది. ట్రంకుపెట్టె తెరిస్తే నా లెక్కల నోట్సులన్నీ చెమ్మ పట్టి ఉన్నాయి. అరుగు మీద పరిచి, ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో కొబ్బరికాయ పెట్టాను. "దింపు తీయించింది ఇందుకా?" అని మా ఆవిడ.

మనవడు రెండు పేజీలు తిరగేసి, "తాతయ్యా, ఇవన్నీ ఫోటోలు తీసి నెట్‌లో పెట్టేద్దాం" అన్నాడు. వాడికేం తెలుసు! వీటిలో సగం అప్పట్లో ఒక గైడు పబ్లిషరుకి, కాగితం చదవకుండా సంతకం పెట్టి ఇచ్చేశాను. పుస్తకం ఒక్క ఏడాదే వచ్చింది. హక్కులు మాత్రం ఇప్పటికీ వాళ్ళవేనట.

ఎరిక్ వైస్‌స్టీన్ గుర్తొచ్చాడు. హైస్కూలు రోజుల నుంచి రాసుకున్న నోట్సుని పెంచుకుంటూ పోయి నెట్‌లో పెట్టిన అమెరికా ఆయన. 1998లో సీఆర్‌సీ ప్రెస్ దాన్ని దాదాపు రెండు వేల పేజీల పుస్తకంగా వేసింది. మరుసటి ఏడాది సైటు మ్యాథ్‌వరల్డ్ అయింది. గడియార స్తంభం దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని నేను అందులోంచే ఎత్తిరాసుకునేవాణ్ణి. 2000 అక్టోబరు చివర్లో ఒకరోజు చూస్తే సైటు లేదు! కనెక్షన్ పోయిందనుకుని అక్కడి కుర్రాణ్ణి కసిరాను, పాపం. తీరా చూస్తే పుస్తకం ఒప్పందం మీద ప్రచురణ సంస్థ కోర్టుకెళ్ళిందట, సైటు మూసెయ్యమని ఆర్డరట. మళ్ళీ తెరిచేసరికి 2001 నవంబరు.

ఆ సందులోనే ప్లానెట్‌మ్యాథ్ అనే ఇంకో లెక్కల సైటు పుట్టింది. నాథన్ ఎగ్, ఏరన్ క్రౌన్ మొదలుపెట్టారు. లెక్కలు వచ్చిన వాళ్ళంతా తలా ఒకటి రాయాలి, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, ఏ కంపెనీ వచ్చినా మూయించలేని లైసెన్సు. నాకు బాగా నచ్చింది మాత్రం అప్పటి వాళ్ళ దిద్దుబాటు పద్ధతి. వ్యాసం రాసినవాడిదే. తప్పు కనిపిస్తే మిగతావాళ్ళు చెప్పేవారు, అతనే సరిచెయ్యాలి. ఎంతకీ పట్టించుకోకపోతే, బీడు పెట్టిన చేను కౌలు మారినట్టు, వ్యాసం ఇంకొకరి చేతికి పోయేది.

సంతకం తర్వాత రాసిన నోట్సులు వేరే తీశాను. వాటికి అడ్డం లేదు. శాంకవాలతో, అంటే పరావలయం, దీర్ఘవృత్తం లాంటి వంపుగీతల పాఠంతో మొదలుపెట్టి మనవడు ఫోటోలు తీస్తున్నాడు. పన్నెండో పేజీ దగ్గర ఆగి, "ఇక్కడ మైనస్ కదా తాతయ్యా?" అన్నాడు.

నిజమే. ఎన్ని బ్యాచ్‌లకి అలాగే చెప్పానో.