వేలు పెట్టిన చోటే మొక్క

ఆదివారం, నల్లగొండ

పొద్దున్నే మిర్యాలగూడ నుంచి మా చిన్నమ్మ కొడుకు ల్యాప్‌టాప్ వేసుకుని వచ్చాడు. గేమ్‌లు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో బత్తాయి తోట గేమ్ చేస్తున్నాడు, ఫోన్‌లో నేల మీద నొక్కితే అక్కడ మొక్క రావాలి. "అన్నా, యాడ ఒత్తినా మొక్క ఒక్కకాడనే మొలుస్తుంది, అది కూడా కెమెరా ఉన్నకాడనే" అన్నాడు. చూస్తే, స్క్రీన్ మీది చోటుని గేమ్ లోకంలోని చోటుగా మార్చే స్క్రీన్‌టువరల్డ్‌పాయింట్ ఫంక్షన్‌కి టచ్ పొజిషన్ ఉన్నదున్నట్టు ఇచ్చాడు. టచ్‌లో ఎక్స్, వై మాత్రమే ఉంటాయి కాబట్టి జెడ్ సున్నా అయిపోతుంది, ఆ జెడ్ ఏమో కెమెరా నుంచి ఎంత దూరమో చెప్పేది. దూరమైనవాటిని చిన్నగా చూపించే పర్‌స్పెక్టివ్ కెమెరాకి సున్నా దూరం అంటే కెమెరా ఉన్న చోటే మరి.

వాణ్ణి డాబా మీదికి తీసుకెళ్లి, ఒక కన్ను మూసి లతీఫ్ సాహెబ్ గుట్ట వైపు వేలు పెట్టమన్నాను. వేలి చివర కరెంటు తీగ, దాని వెనక పక్కింటి నీళ్ల ట్యాంకు, ఇంకా వెనక గుట్ట. "దేన్ని చూపిస్తున్నవ్‌రా?" అంటే కాసేపు ఆలోచించి "అన్నీ ఒక్క వరుసల్నే ఉన్నయన్నా" అన్నాడు. ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. నొక్కితే మనకు దొరికేది కెమెరా నుంచి వేలి మీదుగా సాగిపోయే గీత ఒక్కటే, దాని మీద ఎక్కడ ఆగాలో గేమ్ రాసేవాళ్లే తేల్చుకోవాలి.

కిందికొచ్చి, ఆ గీతను ఇచ్చే స్క్రీన్‌పాయింట్‌టురే ఫంక్షన్ పెట్టాం. లెక్క కాగితం మీదే చేయించాను: గీత 10 మీటర్ల ఎత్తులో మొదలై, తన వెంట ప్రతి మీటరుకి 0.5 మీటరు కిందికి దిగుతుంటే 20 మీటర్లు పోయాక నేలను తాకుతుంది, అంటే మొదలైన చోటి నుంచి నేల మీద దాదాపు 17.3 మీటర్ల ముందు. ఆకాశం మీద నొక్కితే గీత పైకే పోతుంది, నేల తగలదు, అప్పుడు మొక్క నాటకుండా వదిలేయాలి.

చదును నేలకి ఇది చాలు. కానీ వాడి తోటలో గట్లున్నాయి, గట్టు మీద నొక్కితే మొక్క దాని వెనక మట్టిలో కూరుకుపోతోంది. అందుకే గీత ముందుగా దేనికి తగులుతుందో చెప్పే ఫిజిక్స్ రేకాస్ట్‌కి మారి, నేలకి వేరే లేయర్ పెట్టి, గీత ఆ లేయర్‌నే చూసేలా మాస్క్ ఇచ్చాం, లేకపోతే ముందు నాటిన చెట్ల కొలైడర్లకే, అంటే వాటి చుట్టూ ఉండే కనబడని హద్దులకే, గీత తగిలి కొత్త మొక్క కొమ్మల్లో మొలుస్తుంది. బటన్ నొక్కినా వెనక మొక్క పడకుండా ఒక చెక్ కూడా రాశాం.

మధ్యాహ్నం నాయిన ఫోన్ తీసుకుని గబగబా నాలుగైదు మొక్కలు నాటి, "గింత దగ్గర దగ్గర పెడితే రేపు ట్రాక్టర్ ఎట్ల తిరుగుతదిరా?" అన్నాడు. తోట చేసిన మనిషి, కరెక్టే పట్టుకున్నాడు. యూనిటీలో ఒక యూనిట్‌ని మీటరు అనుకుంటారు కదా, మొక్కలు ఆరేసి మీటర్ల ఎడంలో పడేలా, తాకిన చోటి ఎక్స్, జెడ్‌లను 6తో భాగించి, రౌండ్ చేసి, మళ్లీ 6తో గుణించాం. ఎత్తు కోసం ఆ కొత్త చోట పైనుంచి ఇంకో రేకాస్ట్ వేయాలి, అదొక్కటి ఇంటికెళ్లి రాస్తానని సాయంత్రం బస్సుకి పోయాడు.