టిక్కెట్టు తెనాలికి, దిగింది అన్నవరంలో

పూరీ జగన్నాథుణ్ణి చూసుకుని అమ్మా నాన్నా నేనూ తిరిగి వస్తున్నాం. టిక్కెట్లు తెనాలి దాకా ఉన్నాయి. పూరీ సంగతులు ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు మనసంతా అన్నవరం మీదే ఉంది.

విశాఖ దాటేసరికి బాగా తెల్లారింది. అనకాపల్లి దగ్గర టీ తాగుతుంటే బాబాయి ఫోన్ చేశాడు. అమ్మాయి తరఫు వాళ్లు సరేనన్నారట! మా తమ్ముడికి 36 ఏళ్లు. ఎన్ని సంబంధాలు చూశామో, ఎన్ని ఇళ్లలో స్వీటూ హాటూ తిని వచ్చామో లెక్కే లేదు. అమ్మ టీ గ్లాసు పక్కన పెట్టి, కిటికీ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. సంబంధం కుదిరితే వెంటనే కొండ మీద వ్రతం చేయించుకుంటానని మొక్కుకుందట. ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు.

"అన్నవరంలో దిగుదాం" అంది.

నాన్న కంగారుపడ్డారు. "ఇంటికెళ్లి, మంచిరోజు చూసుకుని వద్దాం లేవే."

"సత్యనారాయణ వ్రతకథలో వర్తకుడు సాధువు కూడా అదేగా అన్నాడు. కూతురు పుట్టాక చేస్తానన్నాడు, పుట్టాక పెళ్లప్పుడు చేస్తానన్నాడు. తర్వాత ఏమైందో తెలీదా మీకు? రైలు స్వామి కొండ కిందనుంచే పోతుంటే దిగకుండా ఎట్లా పోతాం?"

ఏటా ఇంట్లో ఆ కథ చదివి వినిపించేది నాన్నే. ఇంకేం మాట్లాడతారు? అటుగా వచ్చిన టీసీని ఆపి, ముందే దిగితే ఫైన్ ఉంటుందా అని అడిగారు. ఆయన నవ్వేశాడు. "దిగడానికి ఫైన్ ఏంటండీ! మిగతా దూరానికి డబ్బులు మాత్రం తిరిగి రావు."

అసలు టెన్షన్ తుని దాటాక మొదలైంది. అన్నవరంలో రైలు ఆగేది కాసేపే. మాతో పెద్ద సూట్‌కేసు, రెండు సంచులు, కాజాల బుట్ట. సూట్‌కేసేమో బెర్త్ కింద గొలుసుతో కట్టేసి ఉంది. తాళం చెవి నాన్న నిన్నటి చొక్కా జేబులో, ఆ చొక్కా సూట్‌కేసులో! స్లీపర్ బోగీ అన్న మాటేగానీ నడవా నిండా మనుషులు, మూటలు. కాలు పెట్టే చోటు లేదు. పక్కకి జరగమంటే వినిపించనట్టు ఫోన్లు చూసుకునేవాళ్లు కొందరు. తీర్థయాత్రలో కోపం తెచ్చుకోకూడదంటారు గానీ, నాకు వచ్చింది.

అప్పుడు లేచాడు ఒక కుర్రాడు. రాత్రంతా మా బెర్త్ పక్కన కింద పేపరు పరుచుకుని పడుకున్నవాడే. ఒరియా కుర్రాడు. విజయవాడ వైపు బిల్డింగు పనికి పోతున్నాడని సైగలతో, రెండు మూడు హిందీ ముక్కలతో తెలిసింది. బోర్లా పడుకుని చెయ్యి బెర్త్ కిందికి పోనిచ్చి, సూట్‌కేసు జిప్పు సగం తీసి, గుడ్డల్లో వెతకడం మొదలెట్టాడు. సిమెంటు తిన్న వేళ్లు, గోళ్ల చుట్టూ చర్మం పగిలి ఉంది. నేను ఫోన్ లైటు పట్టుకున్నాను. చొక్కా దొరికింది, చెవీ దొరికింది. తాళం తీస్తుండగానే రైలు నిదానించింది. అడక్కుండానే సూట్‌కేసు నెత్తికెత్తుకుని, "మౌసీ, చలో చలో" అంటూ జనాన్ని తోసుకుంటూ తలుపు దాకా దారి చేశాడు. ముందు సామాను దింపాడు, తర్వాత అమ్మను చెయ్యి పట్టుకుని దింపాడు. కాజాల బుట్ట లోపలే ఉండిపోయిందని నేను అరిచేలోపు మళ్లీ ఎక్కి తెచ్చి ఇచ్చాడు. అప్పటికే రైలు కదులుతోంది. పరిగెత్తి ఎక్కేశాడు.

అమ్మ ప్లాట్‌ఫాం మీద నిలబడి, "మా బెర్తుల్లో పడుకో నాయనా, తెనాలి దాకా మావే" అని తెలుగులోనే అరిచింది. వాడికి ఏం అర్థమైందో గానీ తలూపాడు. పేరు కూడా అడగలేదు మేము.

ఆటో పట్టుకుని కొండెక్కి, స్నానాలు చేసి, వ్రతం టిక్కెట్టు తీసుకునేసరికి ఎండ ముదిరింది. ఆ రోజు ఆదివారం. జనం సంగతి చెప్పక్కర్లేదు. అందరికీ స్వామి కావాలి, వరుస మాత్రం ఎవరికీ అక్కర్లేదు. వ్రతం మంటపంలో వరుసలుగా పీటల మీద దంపతులు, ఎదురుగా కలశాలు, మైకులో పంతులుగారు. మా వెనక కూర్చున్న వాళ్లు ప్రతి కథకీ లేచి ఫోటోలు దిగుతూనే ఉన్నారు. సాధువు కథ వచ్చినప్పుడు మాత్రం అమ్మ నాన్న వైపు ఓరగా చూసింది. ఆయన అక్షింతలు చూసుకుంటూ కూర్చున్నారు.

తర్వాత దర్శనం. 1891లో వెలసిన స్వామి, రథం ఆకారంలో గుడి, కింద యంత్రం, పై అంతస్తులో మూలవిరాట్టు, అందరికీ తెలిసినవే. పైకి వెళ్లాక నా ముందు ఒకాయన పిల్లాణ్ణి భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. ఏమీ కనపడలేదు. వెనకనుంచి తోస్తున్నారు, పక్కనుంచి "నడవండి, నడవండి" అంటున్నారు. ఇక ఇంతేలే అనుకుంటుంటే ఆ పిల్లాడు నాన్న చెవిలో ఏదో చెప్పడానికి వంగాడు. ఆ సందులో స్వామి ముఖం కనిపించింది. ఆ మీసాలు, ఆ తెల్లటి నామం, దీపం వెలుగులో కళ్లు. అమ్మవారు ఒక పక్క, శివయ్య ఒక పక్క ఉంటారని తెలుసు గానీ చూపు అటు తిరగనే లేదు. ఏమైనా అడగాలని కూడా తోచలేదు. కళ్లు తుడుచుకునేసరికి బయట ఉన్నాను.

"చూశావా?" అని అడిగింది అమ్మ. తను కూడా చూసిందట, నా భుజం మీదుగా.

ప్రసాదం విస్తరాకు పొట్లాలు ఎన్ని కొందో అమ్మకే తెలియాలి. నెయ్యి ఓడి సంచి అడుగంతా తడిసింది. రాజమండ్రి దాకా బస్సు, అక్కడినుంచి నిలబడి రైలు. పోయిన టిక్కెట్టు డబ్బుల లెక్క నాన్న ఏలూరు దాకా చెబుతూనే ఉన్నారు.

దారిలో తమ్ముడు ఫోన్ చేశాడు. "అప్పుడే వ్రతం కూడా చేశారా? ఆ అమ్మాయితో నేనింకా సరిగ్గా మాట్లాడనేలేదు!"

"మాట్లాడుకుందువుగానీలే. ముందు ఇంటికి రా, ప్రసాదం తిను" అంది అమ్మ.