పులికాట్ పక్షుల డైరీ: ఈసారి ఇరకం దీవి దాకా

జనవరి, ఆదివారం. మబ్బు లేదు, ఈశాన్యం గాలి ఓ మోస్తరుగా ఉంది.

నేనూ మా బావా నెల్లూరులో తెల్లవారుజామున బయలుదేరి, పొద్దు పొడిచేసరికి షార్ రోడ్డు (సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి పోయేది) ఎక్కేశాం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకి పోయింది గానీ, నెల్లూరోళ్ల నోట ఇంకా ‘మన పులికాట్’ అనే వస్తుంది. టిఫిన్ సూళ్లూరుపేటలోనే కట్టించుకోవాలి. మాకు ఇంట్లో చేసిన పులిబొంగరాలు ఉన్నాయి కాబట్టి ఆగలేదు.

కెమెరాతో కొత్తగా వచ్చేవాళ్లకి ఒక్క మాట: శ్రీహరికోటకి పోయేటప్పుడు ఎడమ చేతి వైపు నీళ్లే చూడండి. రోడ్డు పడమర నుంచి తూర్పుకి సరస్సు మధ్యగా పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి నడుస్తాడు కాబట్టి ఉత్తరం వైపు పక్షుల మీద పొద్దంతా వెలుతురు పడుతుంది. కుడివైపు తీస్తే నల్లటి బొమ్మలే వస్తాయి. “ఆ పక్కన దండిగా ఉండాయి కదా, ఈ పక్కే ఎందుకు ఆపమంటావు?” అని బావ గొణుగుతూనే ఉన్నాడు.

కారు దిగకపోవడం ఇంకా ముఖ్యం. మనిషి కనిపిస్తే ఫ్లెమింగోలు ఎగరవు, ఏమీ ఎరగనట్టు నడుచుకుంటూ దూరం జరిగిపోతాయి. ఇంజన్ ఆపేసి, అద్దం దించి, కెమెరా ఆనించడానికి కిటికీ మీద బియ్యం సంచి పెట్టాను. పాత ప్యాంటు కాలు ముక్క కుట్టి కిలో బియ్యం పోసిందే, ట్రైపాడ్ కన్నా కదలకుండా నిలుస్తుంది. షట్టర్ 1/1600, ఎక్స్‌పోజర్ మైనస్ 0.7. నీళ్లు ముదురు రంగులో ఉన్నప్పుడు మైనస్ చేయకపోతే తెల్లటి రెక్కలు సున్నం కొట్టినట్టు వస్తాయి.

ఈసారి ఒక పక్షి మేత చాలాసేపు చూశాను. తల పూర్తిగా తలకిందులు చేసి ముక్కు నీళ్లలో పెడుతుంది. నాలుక వేగంగా ఆడిస్తూ నీళ్లు లోపలికి లాగి, ముక్కు అంచున ఉన్న సన్నటి పళ్ల లాంటి వాటితో వడగట్టి వదిలేస్తుంది. మధ్యమధ్యలో కాళ్లతో బురద తొక్కుతూ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. గుంపులో బూడిద రంగువి ఉంటే అవి పిల్లలు. మేతలోని రంగు ఒంటికి పట్టి గులాబీ తేలడానికి ఏళ్లు పడుతుంది. ముక్కు లేత గులాబీగా ఉండి కొస మాత్రమే నల్లగా ఉంటే పెద్ద ఫ్లెమింగో. ముక్కంతా ముదురు ఎరుపైతే చిన్న రకం. నాకు దొరికినవన్నీ పెద్దవే.

తొమ్మిదిన్నర దాటితే బురద మీంచి వేడి లేచి బొమ్మ వణుకుతుంది. లెన్సు ఎంత ఖరీదైనదైనా ఒకటే. అప్పుడిక కెమెరా మూసేసి తడ వైపు, భీమునివారిపాళెం పడవల రేవుకి పోయాం. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు మాత్రం షార్ రోడ్డు పెట్టుకోకండి, కెమెరాతో ఆగడం కష్టం.

సరస్సులో ఉన్న ఇరకం దీవికి పడవలోనే పోవాలి. బేరం ఎక్కేముందే, రానూపోనూ కలిపి, అక్కడ ఎంతసేపు ఆగుతారో కూడా చెప్పి మాట్లాడుకోవాలి. సరస్సు చాలాచోట్ల నడుం లోతే ఉంటుంది. తక్కువ నీళ్లున్న చోట పడవాయన ఇంజన్ ఆపి గెడ వేసి నెట్టాడు. రాయదొరువు దగ్గర సరస్సు సముద్రంలో కలిసే నోరు ఇసుకతో పూడి ఉప్పునీళ్లు సరిగా రావట్లేదని, రొయ్యలు తగ్గాయని ఆయన బాధ. “గాలి తిరగతా ఉండాది సార్, రెండింటికల్లా ఎక్కేయండి” అని ముందే చెప్పాడు.

దీవిలో ఊరు చిన్నది. ఇసుక దారుల్లో చెప్పులతో నడవడం దండగ, నీళ్ల సీసా మాత్రం తప్పనిసరి. నాకు ఊరి కన్నా ఒడ్డే నచ్చింది. ఆరేసిన వలల పక్కన సన్నటి ఎర్ర కాళ్లతో తిరిగే బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్ పక్షులు మనిషికి అలవాటు పడినట్టున్నాయి, ఇసుకలో కూర్చుంటే వాటంతట అవే దగ్గరికి వచ్చాయి. వాటి కంటి ఎత్తులో తీయడం నాకు ఇదే మొదలు. ఈ రోజు మొత్తంలో దాచుకునే ఫొటోలు అవే. ఫ్లెమింగోలవి సగం తీసేశాను, అన్నీ ఒకేలా ఉన్నాయి.

రెండింటికి పడవ ఎక్కాం. తిరుగు దారిలో నీళ్లు ఎగిరి పడ్డాయి. కెమెరా పాలిథిన్ కవర్లో కట్టి ఉంది కాబట్టి టెన్షన్ లేదు.

ఫిబ్రవరిలో నేలపట్టు పక్షుల కేంద్రానికి పోవాలి. అక్కడ కడప అనే రకం చెట్ల మీద గూళ్లలో గూడబాతు (పెలికాన్) పిల్లలు ఆ టైముకి బాగా ఎదిగి ఉంటాయి. అక్కడ గూళ్లు దూరం, బియ్యం సంచి చాలదు. ట్రైపాడ్ కొనాలా, అద్దెకి దొరుకుతుందా చూడాలి.