డెట్రాయిట్‌లో డ్రాఫ్ట్, మా మిషిగన్ కుర్రాళ్ళు 13 మంది – నా అనుభవం

2024 ఏప్రిల్ చివర్లో డెట్రాయిట్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ జరిగింది, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ టీమ్‌లు కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే తతంగం, నేను వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మనవాళ్ళు ఎవరు కలిసినా అవే ప్రశ్నలు, టికెట్ ఎంత, లోపల ఏముంటుంది, అసలు అక్కడ ఆట ఆడతారా అని. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా. ఆట ఆడరండీ. ఒక్క బంతి కూడా ఎవరూ విసరరు. స్టేజీ మీదకి ఒకాయన వచ్చి చేతిలో కార్డు చూసి ఒక కుర్రాడి పేరు చదువుతాడు, జనం అరుస్తారు, మళ్ళీ పది నిమిషాల దాకా ఆగాలి (అప్పటి లెక్క), మళ్ళీ ఇంకో పేరు. దీనికి ఆ మూడు రోజుల్లో వచ్చిన జనం 7 లక్షల 75 వేల పైనే, అంతకుముందు ఏ డ్రాఫ్ట్‌కీ అంతమంది రాలేదు.

నాకెందుకింత పిచ్చి అంటే, నేను ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చేశా. అక్కడ ఫుట్‌బాల్ స్టేడియంలో 1,07,601 సీట్లు, దాన్ని బిగ్ హౌస్ అంటారు, మొదటి సెమిస్టర్‌లో క్లాస్‌మేట్స్‌తో వెళ్ళి కూర్చున్నప్పుడు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, నాలుగు సెకన్లు ఆడతారు, అందరూ ఒకరి మీద ఒకరు పడతారు, లేచి మళ్ళీ మీటింగ్ పెట్టుకుంటారు. మెల్లగా అలవాటైంది, తర్వాత అది వ్యసనమైంది, ఉద్యోగం వచ్చి నోవైకి మారాక కూడా శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో వేరే ప్రోగ్రాం ఉండదు. 2023 టీమ్ అయితే చెప్పక్కర్లేదు, 15 మ్యాచ్‌లు ఆడి 15 గెలిచారు, 2024 జనవరి 8న హ్యూస్టన్‌లో కాలేజీ ఫైనల్లో వాషింగ్టన్ యూనివర్సిటీని 34-13తో కొట్టారు. మూడు వారాలు తిరక్కుండానే కోచ్ జిమ్ హార్బా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఛార్జర్స్‌కి వెళ్ళిపోయాడు. ఇక కుర్రాళ్ళ వంతు.

ఇది ఎలా నడుస్తుందో నాన్నకి ఫోన్లో చెప్పడానికి నేను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. "వేలమేనా, ఐపీఎల్ లాగ? ఎవడు ఎంతకి పోయాడు?" అని అడిగారు. వేలం కాదు నాన్నా, పోయిన సీజన్లో అందరికన్నా చెత్తగా ఆడిన టీమ్ ముందు ఎంచుకుంటుంది, ఛాంపియన్ 32వది, అలా ఏడు రౌండ్లు, మధ్యలో నంబర్లు వాళ్ళలో వాళ్ళు మార్చుకోవచ్చు అన్నా. "మరి పిల్లాడికి ఏ ఊరు కావాలో అడగరా?" అన్నారు. అడగరు. ఎంసెట్ కౌన్సెలింగ్‌ని తిరగేసినట్టు, ఇక్కడ ఆప్షన్లు పెట్టేది కాలేజీ, సీటు వచ్చిన చోటికి పిల్లాడు పోవాల్సిందే. డబ్బు కూడా బేరం కాదు, 2011లో లీగ్‌కీ ప్లేయర్లకీ ఒప్పందం అయిన దగ్గర్నుంచీ ఏ నంబరుకి సుమారు ఎంతన్నది ముందే తెలిసిపోతుంది, నాలుగేళ్ళ కాంట్రాక్టు. నాన్న కాసేపు ఆగి, "అంటే గెలిచినోడికి చివర, ఓడినోడికి ముందు, ఇదేం న్యాయంరా" అన్నారు. నిజానికి లీగ్ నడిచేది ఆ న్యాయం మీదే, కానీ ఖమ్మంలో పొద్దున్నే టీ తాగుతున్న మనిషికి అంతకన్నా చెప్పబుద్ధి కాలేదు.

డ్రాఫ్ట్‌కి ముందు తతంగం నెలల తరబడి సాగుతుంది. హైస్కూల్ అయ్యి మూడేళ్ళు దాటాలి, చదువు మిగిలుండగానే వెళ్ళేవాళ్ళు జనవరిలో పేరు ఇవ్వాలి, తర్వాత ఇండియానాపోలిస్‌లో కంబైన్ అని పెడతారు, అందులో 40 గజాలు పరిగెత్తిస్తారు, 225 పౌండ్ల బరువు ఎన్నిసార్లు ఎత్తుతాడో లెక్కేస్తారు, డాక్టర్లు మోకాళ్ళూ భుజాలూ వంచి చూస్తారు, టీమ్‌లు గదుల్లో కూర్చోబెట్టి ఇంటర్వ్యూలు చేస్తాయి. ఆ ఏడాది దానికి ఒక్క మిషిగన్ నుంచే 18 మందిని పిలిచారు, ఒక కాలేజీ నుంచి అంతమందిని అంతకుముందెప్పుడూ పిలవలేదు. మార్చిలో కాలేజీలోనే ప్రో డే, అంటే అలాంటి పరీక్షలే మళ్ళీ. ఇక అప్పట్నుంచి ఏప్రిల్ దాకా మాక్ డ్రాఫ్ట్‌లు, అంటే ఎవరు ఎక్కడికి పోతారో జోస్యాలు, మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ముఖ్య ఆటగాడు) జేజే మెకార్తీ గురించి ఒకడు రెండో పిక్, అంటే రెండో ఎంపిక అంటాడు, ఇంకొకడు అంత సీన్ లేదంటాడు, నేను లంచ్ టైమ్‌లో అవన్నీ చదివి బీపీ పెంచుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే వాటిలో సగం చదవకపోయినా నష్టం లేదు.

సరే వెళ్ళడం గురించి. ఎంట్రీ ఫ్రీ. ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్ళ వన్‌పాస్ యాప్ ఫోన్లో వేసుకుని రిజిస్టర్ చేసుకుంటే క్యూఆర్ కోడ్ వస్తుంది, గేటు దగ్గర అది చూపిస్తే చాలు. బ్యాగ్ అయితే లోపలున్నది కనపడే ప్లాస్టిక్‌ది మాత్రమే, మామూలు బ్యాక్‌ప్యాక్ తెస్తే వెనక్కి పంపిస్తున్నారు. స్టేజీ డౌన్‌టౌన్ మధ్యలో క్యాంపస్ మార్షియస్ దగ్గర, ఆటలూ ఫోటోలూ షాపులూ నది పక్కన హార్ట్ ప్లాజాలో. నేనూ మా ఫ్రెండూ గురువారం ఆఫీసు అయ్యాక బయల్దేరి, మిడ్‌టౌన్‌లో కారు పెట్టేసి వుడ్‌వర్డ్ మీద నడుచుకుంటూ వెళ్ళాం, రోడ్డంతా డెట్రాయిట్ టీమ్ లయన్స్ నీలం జెర్సీలే. గేటు దాకా చేరేసరికి లోపల నిండిపోయింది, ఇక ఎవరినీ పంపం అన్నారు. క్యూఆర్ కోడ్ ఉన్నంత మాత్రాన లోపలికి వెళ్తామన్న గ్యారంటీ లేదు, ఇది గుర్తుపెట్టుకోండి, మొదటి రోజు చూడాలంటే ఆఫీసు మానేసి మధ్యాహ్నమే వెళ్ళి నిలబడాలి.

వెనక్కి తిరిగి పక్క వీధిలో ఒక కోనీ డాగ్ హోటల్లో దూరాం. డెట్రాయిట్ స్పెషల్ అది, బన్నులో సాసేజ్ పెట్టి పైన చిల్లీ, ఆవాల పచ్చడి లాంటి మస్టర్డ్, ఉల్లిపాయ ముక్కలు. అక్కడ టీవీలో చూస్తుంటే తమాషా ఏంటంటే, టీవీ కన్నా వీధి ముందుంది. ఎవరి పేరైనా చదవగానే బయట్నుంచి అరుపు వినపడేది, టీవీలో మాత్రం ఇంకా కమిషనర్ మెట్లెక్కుతూ ఉండేవాడు. దాంతో హోటల్లో వాళ్ళందరం అరుపుని బట్టి పందేలు వేసుకోవడం మొదలెట్టాం. మొదటి పిక్ షికాగో బేర్స్, కేలబ్ విలియమ్స్, బయట బూ అని ఒకటే గోల, లయన్స్‌కి వాళ్ళంటే పడదు కదా. ఎనిమిదో పిక్‌కి మైకేల్ పెనిక్స్, తొమ్మిదికి రోమ్ ఒడున్జే, ఇద్దరూ జనవరిలో మేం ఫైనల్లో ఓడించిన వాషింగ్టన్ వాళ్ళు, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ మావాడి కన్నా ముందు పోయాడా అని మా ఫ్రెండ్ ప్లేటు పక్కకి నెట్టేశాడు. అప్పుడే బయట మోత. అంత మోత అప్పటిదాకా వినలేదు. టీవీలో ఇంకా యాడ్ నడుస్తోంది. 11లో ఉన్న మిన్నెసోటా వైకింగ్స్ జెట్స్‌తో మాట్లాడుకుని ఒక్క మెట్టు ఎక్కి 10లో మెకార్తీని తీసుకున్నారు. ఖమ్మంలో అప్పుడు తెల్లారి ఏడు, నాన్నకి మెసేజ్ పెడితే "మిన్నెసోటాలో చలి ఎక్కువ కదా" అని రిప్లై.

ఆ రాత్రి మిషిగన్ నుంచి పోయింది ఆ ఒక్కడే. నన్నడిగితే మొదటి రాత్రి టీవీ వాళ్ళది, సూట్లు, కౌగిలింతలు, అమ్మ ఏడుపు. కాలేజీ టీమ్‌ని ప్రేమించేవాళ్ళకి అసలు డ్రాఫ్ట్ శుక్రవారం మొదలవుతుంది.

శుక్రవారం నేను సెలవు పెట్టి పెందలాడే వెళ్ళి లోపల చోటు సంపాదించా. రెండో రౌండ్లో పిక్‌కి ఏడు నిమిషాలు, మూడులో ఐదు, కాబట్టి బండి కాస్త కదులుతుంది. 49వ పిక్ క్రిస్ జెంకిన్స్, సిన్సినాటికి. ఆ అరుపు ఆగకముందే 50వది మైక్ సేన్‌రిస్టిల్, వాషింగ్టన్ కమాండర్స్‌కి. ఈ మైక్ హైతీలో పుట్టిన కుర్రాడు, కాలేజీలో మొదట బంతి పట్టే రిసీవర్, 2022లో పట్టేవాణ్ణి ఆపే కార్నర్‌బ్యాక్‌గా మారిపోయాడు, కాలేజీ ఫైనల్ చివర్లో వాషింగ్టన్ యూనివర్సిటీ పాస్‌ని లాక్కుని 81 గజాలు పరిగెత్తింది వీడే. 69లో జూనియర్ కోల్సన్, వీడిదీ హైతీయే, తీసుకుంది మా పాత కోచ్ హార్బా, ఛార్జర్స్‌కి. అప్పటికి రాత్రయింది, ఏప్రిల్ అంటే మిషిగన్‌లో రాత్రి ఇంకా వణుకే, నిలబడి నిలబడి కాళ్ళు కర్రల్లా అయిపోయాయి, పక్కనున్న ఆయన జెర్సీ కింద రెండు స్వెటర్లు వేసుకొచ్చాడు, బుద్ధిమంతుడు.

తర్వాత వచ్చాయి 83, 84, 85. బ్లేక్ కోరమ్ రామ్స్‌కి, రోమన్ విల్సన్ స్టీలర్స్‌కి, జాక్ జింటర్ బ్రౌన్స్‌కి. వరసగా ముగ్గురూ మావాళ్ళే. ఇది ఎందుకంత ఎక్కిందో చెప్పాలంటే నవంబర్‌కి వెళ్ళాలి. మా బద్ధ ప్రత్యర్థి ఓహాయో స్టేట్ కాలేజీతో మ్యాచ్, మూడో క్వార్టర్లో జింటర్ కాలు విరిగింది, బండి మీద తీసుకెళ్తుంటే లక్ష మంది ఉన్న స్టేడియం నోరెత్తలేదు, నేను టీవీ ముందు కూర్చుని కూడా గొంతు పెగల్లేదు. ఆ వెంటనే ఆడిన మొదటి ప్లేలోనే కోరమ్ బంతి తీసుకుని 22 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ కొట్టి, వేళ్ళతో ఆరు, ఐదు చూపించాడు. జింటర్ జెర్సీ నంబరు 65. ఆ మ్యాచ్ 30-24తో గెలిచాం. ఆ ఇద్దరి పేర్లూ ఒకే రాత్రి, మధ్యలో ఒక్క పేరు మాత్రమే ఉండగా చదివారు. క్లీవ్‌లాండ్ దగ్గరే కాబట్టి బ్రౌన్స్ అభిమానులు చాలామందే వచ్చారు, నా వెనకున్న ఒక పెద్దాయన నా టీషర్టు మీద 'ఎం' చూసి, "కాలు అతుక్కుందా వాడికి, నిజం చెప్పు" అని అడిగాడు, నేనే డాక్టర్ని అయినట్టు. అతుక్కుంది, ఏం ఫర్వాలేదు అన్నా, ఆయన సంతోషంగా చేయి కలిపాడు.

శనివారం మధ్యాహ్నం 12కి నాలుగో రౌండ్. ఆ రోజు పిల్లాపాపలతో వెళ్ళడానికి బాగుంటుంది, తోపులాట తక్కువ, మా వదిన వాళ్ళు స్ట్రోలర్‌తో వచ్చారు. 121లో టైట్ ఎండ్ ఏజే బార్నర్ సియాటిల్‌కి, 172లో గార్డ్ ట్రెవర్ కీగన్ ఫిలడెల్ఫియాకి. ఆ తర్వాత గంటలకి గంటలు ఏమీ లేదు. 199 వచ్చినప్పుడు మాత్రం మా గుంపులో చిన్న నవ్వు, 2000లో టామ్ బ్రేడీని అదే నంబరులో తీసుకున్నారు, ఆయనా మిషిగనే. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు, అన్నయ్య వాళ్ళు వెళ్ళిపోయారు, నేను ఉండిపోయా. మొత్తం 257 పిక్‌లు. ఏడో రౌండ్ చివర్లో 240లో లైన్‌బ్యాకర్ మైకేల్ బారెట్, కాలేజీలో ఆరేళ్ళు ఆడినవాడు, కరోలైనాకి. 249లో లడేరియస్ హెండర్సన్ హ్యూస్టన్‌కి, 252లో జేలెన్ హారెల్ టెనెసీకి, 253లో రిసీవర్ కొర్నీలియస్ జాన్సన్, మళ్ళీ హార్బా దగ్గరికే. చివరి 18 పేర్లలో నలుగురు మావాళ్ళు, మొత్తం 13, మిషిగన్ చరిత్రలో అదే ఎక్కువ. అప్పటికి స్టేజీ ముందు కుర్చీలు సగం ఖాళీ, ఉన్న కొద్దిమందిమే అరిచాం.

డబ్బు తేడా చూడండి, పదో పిక్ మెకార్తీకి నాలుగేళ్ళకి దాదాపు 2.2 కోట్ల డాలర్లు, అంతా గ్యారంటీ. ఏడో రౌండ్ వాడికి సైన్ చేసినప్పుడిచ్చే చిన్న బోనస్ తప్ప గ్యారంటీ ఏం లేదు, ఆగస్టులో టీమ్‌లో నిలబడితేనే జీతం, ఆ ఏడాది కొత్తవాళ్ళకి కనీసం 7,95,000 డాలర్లు. 257 దాటాక పేరు రానివాళ్ళకి ఫోన్లు మొదలవుతాయి, మా కార్సెన్ బార్న్‌హార్ట్ ఛార్జర్స్‌కి, జాష్ వాలెస్ రామ్స్‌కి అలాగే వెళ్ళారు. స్టేజీ లేదు, కార్డు లేదు, ఉద్యోగం మాత్రం ఉంది.

మరుసటి ఏడాది గ్రీన్ బే డ్రాఫ్ట్‌లో మా నుంచి మొదటి రౌండ్లోనే ముగ్గురు పోయారు గానీ మొత్తం ఏడుగురే. ఓహాయో స్టేట్ నుంచి 14. మా ఆఫీసులో ఆ కాలేజీ బ్యాచ్ ఒకటుంది, మా 13ని ఒకటితో దాటామని లిఫ్టులో కూడా వదలడం లేదు. ఏడు రౌండ్ల డ్రాఫ్ట్‌లో రికార్డు 2022లో జార్జియా వాళ్ళ 15, మీరూ దాన్ని దాటలేదు కదా అంటే వినరు. 2026కి ఎంచుకున్నది పిట్స్‌బర్గ్, డెట్రాయిట్ నుంచి కారులో ఐదు గంటల లోపే. ఇలా దగ్గర్లో డ్రాఫ్ట్ ఎప్పుడు జరిగినా నా కారులో రెండు సీట్లు ఖాళీ, రావాలనుకునేవాళ్ళు చెప్పండి, ఓహాయో స్టేట్ వాళ్ళయితే పెట్రోల్ డబ్బులు మొత్తం వాళ్ళవే.