గోడకు ఇవతల సబ్‌వూఫర్, అవతల మౌసా

ఒడిశాలో మా పాత బరంపురం ఇళ్లు చూసినవారికి నా ఇబ్బంది సగం చెప్పకుండానే తెలిసిపోతుంది. వీధివైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. మా ముందుగది పది అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు. అందులో ఒక బల్ల మీద చిన్న మ్యూజిక్ సిస్టమ్ ఉంది. సీడీ ప్లేయర్, యాంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉంటాయి, అటూ ఇటూ నాలుగంగుళాల కోనుతో రెండు బుల్లి స్పీకర్లు. గాత్రం, వయొలిన్ వాటిలో తేటగా పలుకుతాయి. పేచీ అంతా మృదంగంతోనే. కుడి మూత టంగుమంటుంది, ఎడమ మూత మాత్రం అట్టపెట్టె మీద వేలితో తట్టినట్టు ఉంటుంది. కచేరీకి ముందు ఎడమ మూతకు రవ్వముద్ద అంటించేదే ఆ గంభీరమైన నాదం కోసం. తీరా అదే మా ఇంటిదాకా రాదు.

విశాఖలో ఒకరు వాడిన సబ్‌వూఫర్, అంటే మంద్ర స్వరాలను మాత్రమే పలికే స్పీకర్, అమ్ముతున్నారని తెలిసి వెళ్లి తెచ్చుకున్నాను. ఎనిమిది అంగుళాల కోను, సొంత యాంప్లిఫయర్ లోపలే ఉండే యాక్టివ్ రకం. రైల్లో ఎదురుగా కూర్చున్న పెద్దావిడ పలాస దాటేదాకా ఆ మూట వంకే చూసి, చివరికి ఉండబట్టలేక "కుట్టుమిషనా నాయనా?" అని అడిగింది. అవునన్నాను. అంతకంటే ఎలా చెప్పను?

ఇంటికి వచ్చాక తెలిసింది, నా సిస్టమ్ వెనక సబ్‌వూఫర్ కోసం ప్రత్యేకంగా సాకెట్ ఏమీ లేదని. హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది కానీ, అందులో పిన్ను పెడితే స్పీకర్లు మూగబోతాయి. మా వీధి చివర రేడియో మెకానిక్ సబ్‌వూఫర్‌ను తిప్పి చూసి, "మాస్టారూ, గుండ్రటి సాకెట్ల కింద తీగలు బిగించే నాలుగు బిగింపులు ఉన్నాయి, చూశారా? స్పీకర్లకు వెళ్లే చోటునుంచే కొమ్మ తీసి వీటికి ఇవ్వండి" అన్నాడు. అంత బరువు మోస్తే నా చిన్న యాంప్లిఫయర్ కాలిపోదా అని నా భయం. సబ్‌వూఫర్ అక్కడ సిగ్నల్‌ను వాసన చూస్తుందే తప్ప కరెంటు తాగదట. మామూలు స్పీకర్ కరెంటుకు పెట్టే అడ్డు నాలుగు నుంచి ఎనిమిది ఓములైతే, ఈ బిగింపుల అడ్డు వేల ఓముల్లో ఉంటుంది. కోనును కదిపే శక్తి గోడ ప్లగ్గునుంచే వస్తుంది. పైగా సిస్టమ్ శబ్దం పెంచినా తగ్గించినా సబ్‌వూఫర్ కూడా దానితోపాటే పెరిగి తగ్గుతుంది.

ఒక్క హెచ్చరిక చేశాడు. కొన్ని చిన్న సిస్టమ్‌లలో నలుపు తీగ ఉత్త నేల తీగ కాదు, దానిలోనూ సిగ్నల్ ఉంటుంది. ఎడమ నలుపునూ కుడి నలుపునూ సబ్‌వూఫర్ లోపల ఒకటిగా కలిపేస్తే యాంప్లిఫయర్‌కే ముప్పు. ప్లగ్గు తీసేసి, స్పీకర్ తీగలు విప్పేసి, సిస్టమ్ వెనకున్న రెండు నలుపు బిగింపుల మధ్య మల్టీమీటర్ పెట్టాడు. అది కీచుమంది. రెండూ లోపల కలిసే ఉన్నాయి కాబట్టి ఫరవాలేదన్నాడు. కీచుమనకపోతే తీగలు కలపకుండా తిరిగి తనదగ్గరికే తెమ్మనేవాడట.

అంత జాగ్రత్త పడినవాణ్ణి సాయంత్రం చీకట్లో తప్పు చేశాను. నేను కొన్న జంటతీగ రెండు పోగులూ ఒకే రంగు, ఒకదాని అంచున సన్నని గీత మాత్రం ఉంది. ఒకవైపు ఎరుపునూ నలుపునూ తారుమారు చేశాను. స్విచ్ వేయగానే సిస్టమ్ ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. నా గుండె కూడా ఆరిపోయిందనుకున్నాను. రక్షణ ఏర్పాటు ఉండబట్టి బతికింది. తీగలు సరిచేసి, పది నిమిషాలు ఆగి, ఇలవేల్పును తలుచుకుని మళ్లీ స్విచ్ వేస్తే పలికింది.

పలకడం కాదు, గర్జించింది. గది మూలలో పెట్టాను, ఏ స్వరం దాకా సబ్‌వూఫర్ పలకాలో నిర్ణయించే క్రాస్ఓవర్ మీట 120 హెర్ట్జ్ దగ్గర ఉంది, శబ్దం సగం పైన ఉంది. హరికథ పెడితే భాగవతార్ గొంతు బల్ల వదిలి మూలకు వెళ్లి కూర్చుంది. చెవికి దిక్కు తెలియాలంటే కాస్త పై స్వరాలు కావాలి. సుమారు 80 హెర్ట్జ్‌కు దిగువన ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవడం కష్టం. మీటను 70కి దించాక గొంతు తిరిగి బల్ల మీదికి వచ్చింది.

ఇంతలో తలుపు చప్పుడు. పక్కింటి పెద్దాయన. ఒడియాలో బాబాయిని పిలిచినట్టు ఆయన్ని మౌసా అంటాం.

"మాస్టారూ, ఠాకురాణి యాత్ర ఈ ఏడు కాదు కదా?" అన్నారు. ఆ జాతర మా ఊళ్లో రెండేళ్లకోసారి జరుగుతుంది. వారి వంటింట్లో గోడకు వేసిన అరమీద స్టీలు పళ్లాలు తాళం వేస్తున్నాయట.

గోడ దగ్గర పెట్టడమే నా పొరపాటు. మరునాడు సబ్‌వూఫర్‌ను నేను కూర్చునే చాప మీద పెట్టి, ఒకే రకం మోత వచ్చే పాట పెట్టి, మోత ఎక్కడ సమంగా వినిపిస్తే సబ్‌వూఫర్ చోటు అదేనని గది అంతా మోకాళ్ల మీద పాకాను. చెవి నేలకు దగ్గరగా ఉండాలి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏమండీ, ఏదైనా పోయిందా?" అంది. పది అడుగుల వెడల్పు గదిలో సుమారు 56 హెర్ట్జ్ స్వరం గోడలమధ్య ఊగిసలాడుతుంది. గోడల దగ్గర ఉబ్బుతుంది, నట్టనడుమ పలచబడుతుంది. వీధి తలుపు పక్కన, మౌసా గోడకు మూడడుగుల దూరంలో ఒకచోట మోత ఉబ్బకుండా సమంగా వినిపించింది. అక్కడికే మార్చాను, అడుగున రబ్బరు ముక్కలు వేశాను. సబ్‌వూఫర్ కోను కదలికను స్పీకర్లతో జత కలిపే ఫేజ్ స్విచ్‌ను అమ్మాయి 0కీ 180కీ మారుస్తూ ఉంటే నేను చాప మీద కూర్చుని విన్నాను. 180లో మృదంగం నిండుగా ఉంది. శబ్దం మీట చివరికి పావు వంతు దగ్గర ఆగింది.

సాయంత్రం మౌసాను పిలిచాను. ఆయన ఒడిస్సీ సంగీతం వినేవారు. మృదంగాన్ని పోలిన మర్దళ వాయిద్యం ఉన్న ఒక సీడీ చేతబట్టుకునే వచ్చారు. ఎడమచేతి దెబ్బ పడినప్పుడల్లా తల ఊపారు. పళ్లాల సంగతి మరి ఎత్తలేదు.

ఒక చిక్కు మిగిలింది. రాత్రి పది దాటాక శబ్దం బాగా తగ్గిస్తే, సిగ్నల్ అందక సబ్‌వూఫర్ తనంతట తానే నిద్రపోతుంది. ఆలాపన జరిగినంతసేపూ దాని దీపం ఎర్రగా ఉంటుంది, మృదంగం గట్టిగా మోగితే ఉలిక్కిపడి లేస్తుంది. వెనక స్విచ్‌ను ఎప్పుడూ మెలకువగా ఉండేలా మార్చవచ్చు. మౌసా పడుకునేదీ పదింటికే. అందుకని అలాగే వదిలేశాను.