తుల్లియా: తండ్రి పేరే తన పేరైన అమ్మాయి

ప్రాచీన రోములో ఆడపిల్లకు విడిగా పేరు వెతికే ఆచారం దాదాపు లేదు. తండ్రి వంశనామాన్ని స్త్రీలింగంలోకి మార్చితే అదే ఆమె పేరయ్యేది. జూలియస్ కూతురు జూలియా, తుల్లియస్ కూతురు తుల్లియా. మన ఇళ్లలో పిల్లను ఇంటిపేరుతోనే పిలిచినట్టన్నమాట. అక్కచెల్లెళ్లందరిదీ ఒకే పేరు కాబట్టి పెద్దది, చిన్నది, మూడోది అనే అర్థమిచ్చే మాటలు చేర్చి గుర్తుపట్టేవారు.

రోము తొలినాళ్ల గాథల్లో ఈ పేరు భయంకరంగా వినిపిస్తుంది: రాజు సర్వియస్ తుల్లియస్ కూతురు తుల్లియా, వీధిలో పడివున్న తండ్రి శవం మీదుగా రథం నడిపించిందని చరిత్రకారుడు లివీ రాశాడు.

నా మనసు మాత్రం రోము వక్త, రాజకీయ నాయకుడు మార్కస్ తుల్లియస్ సిసెరో కూతురి దగ్గరే ఆగిపోతుంది. ఉత్తరాల్లో ఆయన ఆమెను ‘తుల్లియోలా’ అంటాడు. చివరి ‘ఓలా’ లాటిన్‌లో ముద్దుకు చేర్చే ప్రత్యయం, మనం ‘చిట్టి’ అన్నట్టు. వంశానిదే తప్ప తనది కాని పేరు ఆ రెండు అక్షరాలతోనే ఆమె సొంతమైందని నేను నమ్ముతాను. క్రీ.పూ. 45 ఫిబ్రవరిలో, బిడ్డను కన్న కొద్దికాలానికే, 30 ఏళ్లు దాటిన వయసులో ఆమె మరణించింది. సముద్రతీరాన ఆస్టురాలోని ఇంటికి చేరిన సిసెరో, పొద్దున్నే దట్టమైన అడవిలోకి వెళ్లి సాయంత్రం వరకు బయటికి రావడం లేదని స్నేహితుడు అట్టికస్‌కు రాశాడు. ఆమె కోసం స్థలం వెతికిస్తూ, తాను కట్టించేది సమాధిలా కనిపించకూడదని, గుడే కావాలని ఆ ఉత్తరాల్లో పట్టుబట్టాడు.